నాకంటే రెండు మెట్లు పైన పాడినావిడ

సభకు అధ్యక్షత వహిస్తున్న డైరెక్టరుగారికీ, నాకంటే ముందు మాట్లాడి, నేను చెప్పాలనుకున్న మంచిమాటలన్నీ ముందే వాడేసుకున్న పెద్దలకీ, ఈ సౌండ్ లైబ్రరీలో పనిచేసే మిత్రులందరికీ, వెనక తలుపు దగ్గర నిలబడి ఈ ముసలావిడ ఎప్పుడు దిగుతుందా, టీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న వాళ్ళకీ, ఇవాళ ఉద్యోగం నుంచి రిటైరవుతున్న మన సాగదీతగారికీ నా నమస్కారాలు.

సాగదీత అన్న పేరు నేను పెట్టింది కాదు, ఈ ఆఫీసువాళ్ళే పెట్టారు. ముందు వరసలో ఉన్న ఆ ఇద్దరూ ఇప్పుడు తలలు దించుకున్నారు కాబట్టి ఎవరు పెట్టారో మీకు అర్థమయ్యే ఉంటుంది. (నవ్వులు) పాత రికార్డులు ఉండవలసిన వేగం కంటే ఎక్కువగా తిరుగుతున్నాయా, తక్కువగా తిరుగుతున్నాయా అని చూసి సరిచెయ్యడం ఆయన పని. పరుగెత్తే పాటని పట్టుకుని నడిపిస్తాడు. మాట కూడా అంతే, ఆయన "నమస్కారం" అని మొదలుపెడితే చివరి అక్షరం వచ్చేలోపు మనం లోపలికెళ్ళి కాఫీ కలుపుకుని రావచ్చు. చూడండి, మీరంతా నవ్వేశారు, ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. నా ఉపన్యాసం అయ్యేసరికి నవ్వుతాడు. (నవ్వులు) అమ్మా, ఆయన పక్కన కూచున్న ఇల్లాలా, రేపట్నుంచి ఈయన ఇంట్లోనే ఉంటాడు, జాగ్రత్త. కూరగాయలు మాత్రం తరగమని ఇవ్వకు, మధ్యాహ్నం భోజనం దీపాలు పెట్టాక తినాల్సి వస్తుంది.

నన్ను రెండు ముక్కలు మాట్లాడి కూచోమన్నారు. నేను బడిపిల్లలకి సంగీతం చెప్పి బతికినదాన్ని, గంట కొట్టేదాకా ఆపే అలవాటు లేదు. ఇక్కడ గంట కొట్టేవాళ్ళెవరూ కనిపించడం లేదు. అది మీ తప్పు.

ఇందాక అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ, "పన్నెండేళ్ళ పాప గొంతులాంటి గొంతు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మర్యాద కోసం నేనూ నవ్వాను. కానీ నాయనా, ఆ పాట పాడేటప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పన్నెండేళ్ళప్పుడు కూడా నాది పాప గొంతు కాదు. మా ఇంటికొచ్చిన వాళ్ళు నేను గదిలోంచి మాట్లాడితే మా అమ్మే అనుకుని పలకరించేవాళ్ళు. నిండు గొంతు, కాస్త మందం. అటువంటిదాన్ని పట్టుకుని అరవయ్యేళ్ళుగా లోకం పాప, చిలక, గంట అంటూ వస్తోంది. ఎవరి గురించి చెబుతున్నారో నాకు చాలాకాలం తెలియలేదు.

అసలు జరిగింది చెబుతాను. కుర్రవాళ్ళకి తెలియదు కదా, అప్పట్లో పాట అంటే నల్లటి పళ్ళెంలాంటి రికార్డు. దానికి ఒక పక్క మూడు నిమిషాల పైచిలుకు పాటే పడుతుంది, ఆపైన చోటు లేదు. నన్ను పాడమన్న కంపెనీవాళ్ళది ఒక మేడ మీద గది, గోడలకి పరుపులు కొట్టి, చప్పుడొస్తుందని ఫ్యాను కూడా ఆపేసేవారు. చెమటలు కారుతూ పాడి, ముందు టేపు మీదికి ఎక్కించాం. పాటకి మూడు చరణాలు. పాడటం అయ్యాక కంపెనీ మేనేజరు వాచీ చూసుకుని, "అమ్మా, రికార్డులో పట్టదు, మూడో చరణం తీసేద్దాం" అన్నాడు. ఆ మూడో చరణంలోనే కదా పాటంతా ఉన్నది! తియ్యనన్నాను. ఆయన బతిమాలాడు, నేను వినలేదు. ఆయన కోప్పడ్డాడు, నేను అంతకంటే గట్టిగా కోప్పడ్డాను. చివరికి, "సరేలెండమ్మా, ఎలాగో పట్టిస్తాను" అన్నాడు. నేను గెలిచాననుకుని, తల ఎగరేసుకుంటూ మేడ మెట్లు దిగి వచ్చాను.

ఆయన మాట తప్పలేదు. పట్టించాడు. టేపు మీద నుంచి రికార్డు మీదికి దింపేటప్పుడు టేపుని తొందరపెట్టాడు. పాట తొందరగా అయిపోయింది, మూడు చరణాలూ పట్టేశాయి. కాకపోతే టేపు తొందరపడితే గొంతు కూడా పైకి లేస్తుంది. హార్మోనియం మీద చూస్తే రెండు మెట్లు. నాది నాలుగున్నర శ్రుతి, రికార్డులో ఐదున్నర. చరణం కొయ్యడానికి నేను ఒప్పుకోలేదని మహానుభావుడు గొంతు కోశాడు. (నవ్వులు) నవ్వండి నవ్వండి, నేను కూడా నవ్వడం ఈమధ్యే నేర్చుకున్నాను.

అప్పుడు నాకు ఇదంతా తెలియదు. రికార్డు ఇంటికి తెచ్చారు, పెట్టారు. విన్నాను. "ఇదెవరు?" అన్నాను. ఇంట్లోవాళ్ళంతా నావైపు, పాపం మంచి మనిషే, మతి పోయింది అన్నట్టు చూశారు. పరుగున వెళ్ళి మేనేజరుని అడిగాను. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూచుని, "ఎవరి గొంతు వాళ్ళకి కొత్తగానే ఉంటుందమ్మా, మిషన్లో విన్నవాళ్ళంతా ఇలాగే అంటారు" అన్నాడు. అది నిజమే కదండీ! మీరందరూ మీ గొంతు ఫోనులో విని, ఛీ ఇది నాదా అనుకున్నవాళ్ళే కదా! అందుకని నమ్మాను. అబద్ధం చెప్పదలుచుకున్నవాడికి నిజం ఇంత సాయం చెయ్యడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పాట ఊళ్ళన్నీ తిరిగింది. నన్ను కచేరీలకి పిలిచారు. నా కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. మా హార్మోనియం ఆయన బహు నిష్ఠాపరుడు. రికార్డు పక్కన పెట్టుకుని, మెట్లు నొక్కి చూసుకుని, శ్రుతి సిద్ధం చేసుకుని మరీ వచ్చేవాడు.

"అమ్మా, ఈ పాట మీది ఐదున్నర" అనేవాడు.

"కాదండీ, నాది నాలుగున్నర. నా గొంతు నాకు తెలియదా?"

"మనిషికి ఒకరోజు ఒకలా ఉంటుందమ్మా. రికార్డు మారదు కదా."

ఏం చెప్తాం! ఐదున్నరలోనే పాడేదాన్ని. పాట సగానికి వచ్చేసరికి మెడ నరాలు తాళ్ళలా లేచేవి, కళ్ళలోంచి నీళ్ళు కారేవి, జనం అది భక్తి అనుకునేవాళ్ళు. (నవ్వులు) అంతా అయ్యాక ఎవరో ఒకరు దగ్గరికొచ్చి ఎంతో ప్రేమగా, "బాగుందమ్మా, కానీ రికార్డులో ఇంకా బాగుంటుంది" అనేవారు. పోనీ అని ఒకసారి ధైర్యం చేసి నా శ్రుతిలోనే పాడాను. మర్నాడు పేపర్లో, "ఆమె గొంతు అప్పుడే ముదిరింది" అని రాశారు. నాకు అప్పటికి ఇరవయ్యారేళ్ళు.

చివరికి గొంతులో కాయలు కాశాయన్నారు డాక్టర్లు. మూడు నెలలు మాట్లాడవద్దన్నారు. ఆ మూడు నెలలూ తన జీవితంలో స్వర్ణయుగమని మా ఆయన పోయేదాకా చెప్పుకునేవాడు. (నవ్వులు) ఆయన మంచివాడేలెండి. కానీ ఆయనా ఆ రికార్డు విని నన్ను ఇష్టపడినవాడే. నాతో పోట్లాట వచ్చినప్పుడల్లా వెళ్ళి ఆ రికార్డు పెట్టుకుని వినేవాడు. "నేను చేసుకున్నది ఈవిణ్ణి కదా, నువ్వెవరు?" అనేవాడు. వేళాకోళానికే. నేనూ నవ్వేదాన్ని. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేదాన్ని, అంతే.

పాడటం మానేశాను. వేరే ఎవరితోనో పోటీపడి ఓడిపోతే ఒక నెల ఏడ్చి మర్చిపోవచ్చు. నేను ఓడిపోయింది నా చేతిలోనే అనుకున్నాను. ఒకప్పుడు అంత బాగా పాడిన నేను, చేతులారా ఆ గొంతుని ఎక్కడో పారేసుకున్నాననుకున్నాను. ఎలా పారేసుకున్నానో తెలియక ఒకసారి చన్నీళ్ళని తిట్టుకున్నాను, ఒకసారి కాన్పుని తిట్టుకున్నాను. పిల్లలకి సరిగమలు చెప్పుకుంటూ బతికాను. చెడ్డ బతుకేం కాదు. కానీ ఎక్కడైనా ఆ పాట వినిపిస్తే లేచి కిటికీ మూసేదాన్ని.

రెండేళ్ళ కిందట ఈ సాగదీతగారు మా ఇంటి తలుపు కొట్టాడు. భుజానికి సంచీ, చేతిలో ఏవో వైర్లు. నీళ్ళ ఫిల్టరు అమ్మేవాడనుకున్నాను.

"మాకు వద్దు బాబూ, ఒకటుంది" అన్నాను.

"అమ్మా... మీరు... మూడో చరణం ముందు... ఊపిరి తీసుకుంటారు కదా..." అన్నాడు.

"తీసుకోకపోతే చచ్చిపోతాను కదా నాయనా" అన్నాను.

"ఆ ఊపిరి... రికార్డులో... మరీ చిన్నగా ఉందండీ. కుక్కపిల్ల ఊపిరిలా. ఇరవయ్యేళ్ళ మనిషి ఊపిరి... అలా ఉండదు."

తలుపు తీశాను. మరి ఏం చెయ్యను? అన్నేళ్ళలో నా పాటని పొగిడినవాళ్ళున్నారు, నా గొంతు పోయిందని జాలిపడినవాళ్ళున్నారు, నా ఊపిరిని పట్టించుకున్నవాడు ఈయనొక్కడే. కూచోబెట్టి కాఫీ ఇచ్చాను. ఆ కాఫీ చల్లారి, మళ్ళీ వేడిచేసి, మళ్ళీ చల్లారేలోపు నాకు సంగతి చెప్పాడు. పాత రికార్డుల్లో పాట వెనకాల సన్నగా "మ్..." అని ఒక రొద ఉంటుందట. మనం దుమ్మనుకుంటాం. అది ఆ పాడిన గదిలోని కరెంటు రొద. కరెంటుకి పాటగాళ్ళలా అలకలూ జలుబులూ ఉండవు కదా, ఎప్పుడూ ఒకే శ్రుతి. ఆ శ్రుతి ఎంతుండాలో ఈయనకి తెలుసు. నా రికార్డులో ఆ రొద కూడా రెండు మెట్లు పైకెక్కి కూచుంది. నేను పైన పాడానంటే నమ్మవచ్చు, కరెంటు కూడా నాతోపాటు గొంతు పెంచి పాడిందంటే నమ్మలేం కదా అన్నాడు. ఈ ముక్క చెప్పడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేను మొదటిసారి ఎవరినీ తొందరపెట్టకుండా విన్నాను.

ఇంతలోనే ఆయన్ని దేవుణ్ణి చేసెయ్యకండి. మర్నాడే, సరిచేసిన పాటంటూ ఒకటి తెచ్చి వినిపించాడు. విని కళ్ళు తేలేశాను. అచ్చం మా మావగారు జలుబు చేసి పాడుతున్నట్టుంది. (నవ్వులు) "నాయనా, నా గొంతు పాపది కాదన్నాను కానీ, పురుషోత్తముడిదని చెప్పలేదే" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. తర్వాత తేలిందేమిటంటే, ఈయన వేగం కొలిచింది అసలు రికార్డు మీద, తగ్గించింది ఇక్కడ బీరువాలో ఉన్న కాపీ మీద. ఆ కాపీని ఈయనకి ముందు ఈ ఉద్యోగం చేసినాయన, ఆయనకీ ఏదో అనుమానం వచ్చి, అప్పటికే కొంత తగ్గించి, ఎవరికీ చెప్పకుండా పెట్టెలో పెట్టి వెళ్ళిపోయాడు. సరిచేసినదాన్ని ఈయన మళ్ళీ సరిచేశాడు. ఇలాంటి పొరపాటు లోకంలో ఇంకెక్కడా జరగదు, ఈ ఆఫీసులో తప్ప. ఆ ముందాయన కూడా ఈ సభలోనే ఉన్నారని విన్నాను, ఎక్కడున్నారు? చెయ్యెత్తకపోయినా పరవాలేదు, నాకు కోపం లేదు. అంత ముందుగా అనుమానం వచ్చినవాడు ఒక్క ముక్క నాతో అని ఉంటే బాగుండేది, అంతే.

మళ్ళీ వారానికి ఇంకొకటి తెచ్చాడు. ఈసారి మా అమ్మాయి కూడా ఇంట్లో ఉంది. అమ్మాయంటే యాభై దాటిన అమ్మాయి, అదిగో, మూడో వరసలో కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటిస్తోంది. పాట పెట్టాడు. అమ్మాయి వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మా, ఇది నన్ను నిద్రపుచ్చేటప్పటి గొంతు. ఇది ఎప్పుడు రికార్డు చేశావు?" అంది. దానికి ఊహ తెలిసేసరికే నేను కచేరీలు మానేశాను. దానికి నా గొంతు తెలిసింది జోలపాటల్లోనే. అక్కడ హార్మోనియం ఉండదు, పేపరువాళ్ళు ఉండరు, నా నాలుగున్నరలో నేను పాడుకునేదాన్ని. ఆ రోజు నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, గట్టిగా ఏడ్చాను. ఈయన తన వైర్లు చుట్టుకుంటూ కూచున్నాడు, చుట్టడం అయ్యేసరికి నా ఏడుపూ అయిపోయింది. ఎంత నెమ్మది మనిషైనా ఎప్పుడు నెమ్మదిగా ఉండాలో తెలిసినవాడు. నా గొంతు పోలేదు. నేను పారేసుకోలేదు. యాభయ్యేళ్ళ పైచిలుకు నేను సిగ్గుపడింది చెయ్యని నేరానికి.

సరే, ఇప్పుడు అధ్యక్షులవారు కుర్చీలో కాస్త సర్దుకుని కూచోవాలి. (నవ్వులు) ఈ లైబ్రరీ పాత పాటలన్నీ కలిపి ఒక సంపుటిగా విడుదల చేస్తోంది, అందులో నా పాట మొదటిది. చాలా సంతోషం. ఏ వేగంలో వేస్తున్నారని అడిగాను. పాత వేగంలోనే, అంటే ఆ తొందర వేగంలోనే అన్నారు. సాగదీతగారు కాదన్నారట, వాదించారట, ఆయన వాదించాడంటే ఎన్ని మధ్యాహ్నాలు పట్టి ఉంటుందో మీరే ఊహించుకోండి. అధ్యక్షులవారు ఆయనకి చెప్పిన జవాబు నాకు ఆయన చెప్పలేదు, ఈ ఆఫీసు గోడలు చెప్పాయి. "జనానికి ఆ గొంతే అలవాటు. తగ్గిస్తే ఎవరో ఆవిడ పాడినట్టుంది." ఈ మాటేనా నాయనా? తల అడ్డంగా ఊపకు, మెడ నొప్పి పుడుతుంది. సంపుటి సోమవారం తయారీకి వెళ్ళిపోతుంది, అప్పటికి ఈయన ఈ ఆఫీసు మనిషి కాడు, అడిగేవాళ్ళుండరు. అందుకే నన్ను పిలిచి పూలగుత్తి ఇచ్చి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు.

మీరు చెడ్డవారని నేను అనను. మీరు చిన్నప్పటి నుంచి ఆ పాట విన్నారు, మీ అమ్మగారు వంట చేస్తూ దాన్నే పాడుకునేవారని ఇందాక మీరే చెప్పారు. పాపం ఆవిడ కూడా ఐదున్నరలోనే గొంతు చించుకుని ఉంటుంది. (నవ్వులు) మీకు ఆ గొంతు మీద ప్రేముంది. నాకు అర్థమైంది. మా ఆయనకీ ఉండేది. మీరు ఏమంటున్నారు? మైకు దగ్గరికి వచ్చి చెప్పండి. రెండూ వేద్దామంటారా? ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా? వద్దు నాయనా. నా జీవితమంతా ఆవిణ్ణి నా పక్కన కూచోబెట్టి పోల్చి చూశారు. చచ్చాక కూడా పక్కపక్కనేనా?

నేను చెప్పేది వినండి, చాలా తేలికైన ఉపాయం. మీకు ఆ వేగం పాటే కావాలంటే నిరభ్యంతరంగా వెయ్యండి. బాగుంటుంది, నేనే ఒప్పుకుంటాను, ఆవిడ చాలా బాగా పాడింది. కానీ దాని మీద నా పేరు తీసెయ్యండి. గాయని ఎవరో తెలియదని వెయ్యండి. అది అబద్ధం కూడా కాదు, ఆవిడెవరో నాకూ తెలియదు, మీకూ తెలియదు, ఏ తల్లీ ఆవిణ్ణి కనలేదు. నా పేరు వెయ్యాలంటే మాత్రం లోపల నేను ఉండాలి.

(అధ్యక్షులు ఏదో అంటారు)

ఏమిటి, ఆలోచిద్దామంటారా? నాకు ఎనభై రెండేళ్ళు. నా ముందు ఆ మాట అనకూడదు. (నవ్వులు, చప్పట్లు) చప్పట్లు ఆపండి, ఆయన ఏదో అంటున్నారు. మైకు వద్దులెండి, నాకు వినిపించింది. "మీ గొంతే వేస్తామమ్మా." విన్నారా వెనక తలుపు దగ్గరవాళ్ళు? మీరే సాక్షులు, ఆ తర్వాతే మీకు టీ. చాలా సంతోషం నాయనా. మీరు పెద్దమనసు చూపించారు, నేను మొండితనం చూపించాను, ఎవరి దగ్గర ఉన్నది వాళ్ళు చూపించాం.

సాగదీతగారూ, ఇలా చూడండి. మీకు కృతజ్ఞతలు చెప్పడానికే వచ్చాను, అది తప్ప అన్నీ చెప్పాను. మీరు నాకు గొంతు తిరిగి ఇచ్చారని అందరూ రాస్తారు. అది కాదు. నన్ను నేను క్షమించుకునేలా చేశారు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే పాడేదాన్ని కూడా. కానీ మీ సంగతి తెలుసు కదా, మీ లెక్కలో మీరు తొందరగానే వచ్చారు. (నవ్వులు) ఆఁ, ఇప్పుడు నవ్వాడు చూడండి!

అక్కడ వెనక మిషను దగ్గరున్నవాళ్ళకి, ఇంతసేపూ ఓపిక పట్టినవాళ్ళకి, కునుకు తీసినా గురక పెట్టనివాళ్ళకి, అందరికీ నా ధన్యవాదాలు. ఇప్పుడు సాగదీతగారు లేచి వెళ్ళి ఆ పాట వేస్తారు. ఇంతవరకూ మా ఇంటి గోడలు, ఈ ఆఫీసు గోడలు తప్ప బయటివాళ్ళెవరూ వినలేదు. ఆయన అక్కడిదాకా నడిచేలోపు నేను ఈ మెట్లు దిగి, మా అమ్మాయి పక్కన కూచుంటాను. మీకు పాప గొంతు అలవాటు కనక మొదట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, మొదటి చరణందాకా ఓర్చుకోండి. ఎవరైనా దగ్గరికొచ్చి "రికార్డులో ఇంకా బాగుంటుందమ్మా" అంటే ఈసారి కర్ర తీస్తాను. ఇప్పుడు పాడబోయే ఆవిడ సిగ్గరి, పాడటం తప్ప మాట్లాడటం రాదు, మొదటిసారి జనం ముందుకి వస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. దయచేసి నిశ్శబ్దంగా వినండి. సెలవు.